మా ఆఫీసు డబ్బాల మీద గోల్కొండ శిస్తు

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు కనబడినప్పుడల్లా నన్నొక ప్రశ్న అడుగుతారు. "అంకుల్, మీ సర్వీసులో మీరు చేసిన అన్నిటికన్నా పెద్ద ఉద్యోగం ఏది?" అని. నా రెజ్యూమేలో అది ఉండదు. ఉంటే ఎవడూ ఇంటర్వ్యూకి పిలవడు. అయినా చెబుతాను. ఒక చలికాలమంతా నేను గోల్కొండ సుల్తానుల పద్ధతిలో శిస్తు వసూలు చేశాను. కెనడాలో. గరిటెతో.

నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ గరిటె పట్టుకుని నేను నడిచి వస్తుంటే వాటర్లూ ఊరు ఊరంతా డబ్బాలకు మూతలు పెట్టుకునేది. ఊరంతా అంటే మా ఆఫీసంతా అనుకోండి.

మాది కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీ. కంపెనీ అనే మాట కూడా మాకు కాస్త వదులే. మా బాస్ కుర్చీ వెనక్కి వాల్చితే వంటగదిలో ఫ్రిజ్ తలుపు మూసుకుపోయేది, అంత విశాలమైన ఆఫీసు. పక్క భవనంలో ఒక పంటి డాక్టరు. మా పార్కింగ్‌కీ ఆయన పార్కింగ్‌కీ మధ్య సరిహద్దుగా, నవంబరులో మొదలై మే దాకా కరగని మంచు గుట్ట. ఆ గుట్టని గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

మా బాస్ హైదరాబాద్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో చలికోటు అవసరం లేకుండా సగం జీవితం గడిపి, సొంత ఆట ఒకటి తయారుచెయ్యాలన్న కోరికతో ఈ మంచులోకి వచ్చిపడ్డ మనిషి. ఆ ఆట గోల్కొండ రాజ్యం గురించి. ఆడేవాళ్ళే సుల్తాను. పన్నులు రాబట్టి రాజ్యం నడపాలి. అందుకని మేము బాస్‌ని సుల్తాన్ గారు అనేవాళ్ళం. మొదట వెనకాల అనేవాళ్ళం. ఆయనకి నచ్చిందని తెలిశాక మొహం మీదే అన్నాం.

అంతకుముందు నేను టొరంటోలో బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసుకునేవాణ్ణి. ఈ ఉద్యోగానికి నా అర్హత ఒక్కటే, మాది బందరు. "గోల్కొండ వాళ్ళ రేవు మా ఊరేనండీ. అక్కణ్ణించి పర్షియాకి ఓడలు వెళ్ళేవి" అని ఇంటర్వ్యూలో చెప్పాను. చెప్పిన తీరు చూస్తే ఆ ఓడల మీద సుంకం వసూలు చేసింది మా తాతగారే అనిపించి ఉండాలి. నిజానికి మా వంశంలో మునిసిపాలిటీ పన్ను కూడా వేళకి కట్టినవాళ్ళు లేరు. సుల్తాన్ గారు మాత్రం ఆ రోజే నన్ను ఆటలోని పన్నుల శాఖకి దివాన్‌ని చేసేశారు.

ఇక యూనివర్సిటీ లైబ్రరీ మీద పడ్డాను. ఎన్ని పుస్తకాలు మోసుకొచ్చానంటే, బస్సు డ్రైవరు నన్ను దిగి ఇంకో బస్సు ఎక్కమన్నాడు. అందులో తేలింది ఇది. గోల్కొండలో చాలాచోట్ల పన్ను సర్కారు నేరుగా వసూలు చేసేది కాదు. ఫలానా ప్రాంతంలో పన్ను వసూలు చేసుకునే హక్కుని ఏటా వేలం వేసేవాళ్ళు. ఎవరు ఎక్కువ ఇస్తానంటే వాళ్ళకి. దాన్ని ఇజారా అంటారు. పాడుకున్న ఇజారాదారు ఒప్పుకున్నది ఖజానాకి కట్టాలి, మీద మిగిలింది వాడిది. తగ్గితే వీపు చిట్లేది. కనక వాడు రైతుని పిండేవాడు. మనం ఇవాళ్టికీ అనే శిస్తు, వసూలు, బాకీ, జప్తు, ఆఖరికి రైతు అనే మాట కూడా ఆనాటి దర్బారు భాష ఫారసీలోంచి మన నోటికి ఎక్కినవే. పిండగా పిండగా నాలుక మీద మిగిలిన గుర్తులన్నమాట.

ఆటలో ఆ రైతుల్ని తయారుచేసింది ఒక అమ్మాయి. నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడే చదువుకుని మా దగ్గర ప్రోగ్రామర్‌గా చేరింది. రైతులు పొద్దున్నే లేవడం, పొయ్యి వెలిగించడం, దున్నడం, పన్ను కట్టడం అన్నీ ఆ పిల్ల చేతి పనే. మీటింగుల్లో మాట్లాడేది కాదు. వర్క్ పర్మిట్ మీద ఉంది, పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేసింది, ఆ ఫైలు ఈ ఉద్యోగం మీద నిలబడి ఉంది. కంపెనీ మూతపడితే ఫైలూ పడిపోతుంది, ఆ పిల్ల పెట్టె సర్దుకోవాలి. రోజూ పొద్దున తన అప్లికేషన్ స్టేటస్ చూసుకునేటప్పుడు మేమందరం కీబోర్డులు మీటడం ఆపేసేవాళ్ళం. గుళ్ళో హారతి ఇస్తున్నట్టు ఉండేది.

ఆ కంపెనీయేమో మూతపడేటట్టే ఉంది. ఫిబ్రవరి చివర్లో మాంట్రియల్ నుంచి పబ్లిషర్ తరఫున ఒక మేడమ్ వచ్చి ఆట ఆడి చూస్తుంది. నచ్చితే పెట్టుబడి, నచ్చకపోతే తాళం. చిక్కేమిటంటే ఆట బాగాలేదు. ఎవరు ఆడినా పన్ను చివరికంటా పెంచేవారు, ఖజానా నిండేది, రైతులు బక్కచిక్కి అక్కడే కూచునేవారు, అంతే. సుల్తాన్ గారు కూడా ఆడి ఆవలించారు.

"ఏంది దివాన్ గారూ, ఎంత పిండినా ఏం కాదు? ఇదేం రాజ్యం?"

"పుస్తకాల్లో ఇలాగే ఉంది సార్."

"పుస్తకాల్లో ఉంటే గోల్కొండ ఇంకా ఉండాలి కదా!"

నాకు రోషం వచ్చింది. బందరువాణ్ణి. "అయితే మన ఒంటి మీదే ప్రయోగం చేసి చూద్దాం" అన్నాను.

ఆ ప్రయోగమే డబ్బాల ఇజారా. మేమందరం ఇంటి నుంచి లంచ్ డబ్బాలు తెచ్చుకునేవాళ్ళం. సోమవారం పొద్దున వేలం. శుక్రవారం సుల్తాన్ గారి బల్ల మీద ఎన్ని రకాల వంటకాలతో విందు పెడతావో చెప్పి పాడుకోవాలి. గెలిచినవాడు ఆ వారమంతా అందరి డబ్బాల్లోంచీ వాటా తీసి ఫ్రీజరులో దాచి, శుక్రవారం విందు పెట్టాలి. మిగిలింది వాడిది. తగ్గిందా, కొరడా దెబ్బలు కెనడాలో చెల్లవు కనక, సుల్తాన్ గారి కారు మీది మంచు చలికాలమంతా పార పట్టి తియ్యాలి.

మొదటి వారాలు మర్యాదగానే నడిచాయి. తలా ఒక చెంచా ఇస్తే సరిపోయేది. తరవాత వేలం వేడెక్కింది. మా బొమ్మలు గీసే ఆర్టిస్టు న్యూఫౌండ్‌లాండ్ మనిషి, తలుపులో పట్టనంత భారీ ఆకారం, తెచ్చుకునేది మాత్రం రోజూ ఒక్క చల్లటి చేప శాండ్‌విచ్. మన వంటల రుచి మరిగి నాకు పోటీగా పాడడం మొదలెట్టాడు. వాడు ఆరు రకాలంటే నేను తొమ్మిదన్నాను. వాడు పన్నెండంటే నేను కుర్చీ ఎక్కి, "గారెలు, పులిహోర, రెండు పచ్చళ్ళతో కలిపి ఇరవై!" అని అరిచాను. పక్క భవనంలో పన్ను పీకించుకుంటున్న పేషెంటు కూడా ఉలిక్కిపడి ఉంటాడు. ఇజారా నాకు ఖాయమైంది.

ఆ సాయంత్రమే చెంచా పారేసి గరిటె కొన్నాను.

ఇరవై రకాలు ఊరికే వస్తాయా? కొత్త పన్నులు కనిపెట్టాను. ఊరగాయ తెచ్చినవాళ్ళకి ఊరగాయ పన్ను. మూత తెరిచినప్పుడు వాసన బాగా వస్తే వాసన పన్ను. మైక్రోవేవ్ పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాను. అది నా బందరు రేవు. సరుకు వేడెక్కాలంటే నా ముందు నుంచే పోవాలి, సుంకం కట్టి పోవాలి.

ఒకరోజు ఆ నిజామాబాద్ అమ్మాయి సర్వపిండి తెచ్చింది. మా కోస్తావాళ్ళకి చెప్పాలి, అది బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, శనగపప్పు, కారం కలిపి గిన్నెకి అద్ది కాల్చే రొట్టె. ఆ వాసనకి నా గరిటె దానంతటదే లేచింది. సగం తీసేశాను.

"అంకుల్, మీరు సగం తీస్కుంటే నేనేం తినాలె?"

"నాదేముందమ్మా, ఇది చరిత్ర."

"చరిత్రకు బాగనే ఆకలున్నది" అని ఆ పిల్ల మిగతా సగం మూతపెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వంటగదిలో గరిటెతో నిలబడ్డాను. ఎవరూ రాలేదు. మైక్రోవేవ్ గడియారం నన్ను చూసి మిణుకుమంటోంది. కూచున్నాను, లేచాను, ఫ్రిజ్ తెరిచాను. లోపల నా పెరుగు డబ్బా ఒక్కటే ఉంది. చూడబోతే అది కూడా వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. అప్పుడు కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను.

మంచు గుట్టకి అవతల, పంటి డాక్టరు గారి పార్కింగ్‌లో, మా వాళ్ళ కార్లన్నీ బారులు తీరి ఉన్నాయి. అన్నీ ఇంజన్లు ఆన్ చేసి ఉన్నాయి. ఒక్కో కారు వెనక నుంచీ తెల్లగా పొగ లేస్తోంది. అద్దాలు ఆవిరి పట్టిపోయాయి. లోపల అందరూ తింటున్నారు. ఆ రోజు చలి ఎలా ఉందంటే, నా నీడ గుమ్మం దాకా వచ్చి నువ్వెళ్ళు, నేనిక్కడే ఉంటానంది. అలాంటి చలిలో, వెచ్చటి వంటగది వదిలేసి!

బూట్లు తొడుక్కుని, గరిటె పుచ్చుకుని, మంచు గుట్ట ఎక్కి, అవతలికి జారి, ఆ అమ్మాయి కారు అద్దం మీద కొట్టాను. అద్దం వేలెడు కిందికి దిగింది. లోపల నుంచి నువ్వుల వాసన.

"ఏవిటమ్మా ఇది? శిస్తు?"

"ఇది మీ ఇలాకా కాదంకుల్. డాక్టర్ గారి పార్కింగ్. రిసెప్షనిస్టును అడిగే వచ్చినం. లంచ్ టైమ్‌ల పేషెంట్లు ఉండరు, తినిపొమ్మన్నది."

పక్క కారులోంచి ఆర్టిస్టు తన శాండ్‌విచ్ నాకు కనబడేలా ఎత్తి, ఎంతో నెమ్మదిగా కొరికాడు.

ఆ పిల్ల నా మొహం చూడడం మానేసి అద్దంలోంచి వెనక్కి చూస్తోంది. వరసగా లేస్తున్న ఆ పొగల వైపు. చూసి చూసి డబ్బా మూసేసింది.

"అంకుల్, మన గేమ్‌ల రైతులు ఎటుపోతరు?"

"ఎక్కడికి పోతారు? మ్యాప్ అంచున గోడ ఉందిగా."

"గదే! పోనీకి జాగ లేదు. అందుకే కూసుంటున్రు. మనకు ఈ పార్కింగ్ లేకుంటే మనం గూడ కూసుందుము."

ఇన్ని పుస్తకాలు మోసినవాణ్ణి, ప్రతి పుస్తకంలోనూ ఉన్న సంగతి అది. ఆ రోజుల్లో భూమికి కరువు లేదు, దున్నే చేతులకే కరువు. పిండితే రైతు నాగలి భుజాన వేసుకుని రాత్రికి రాత్రి పక్క దొర పొలిమేరలోకి నడిచిపోయేవాడు. సుల్తాను కత్తికి కూడా లేని పదును ఆ నడకకి ఉండేది. నేను అది చదివి, బాగుందనుకుని, పేజీ తిప్పేశాను.

ఇందులో నా తప్పు ఉందని మాత్రం నేను ఒప్పుకోను. చరిత్రలో ఏ ఇజారాదారూ ఒప్పుకోలేదు.

వెళ్ళిన రైతుని ఎలా రప్పించేవారో కూడా ఆ పుస్తకాల్లోనే ఉంది. సైన్యంతో కాదు. కౌలు ఇచ్చి. కౌలంటే అప్పట్లో మాట ఇవ్వడం. ఈ ఏడు పన్ను తేలిక, వచ్చే ఏడు కొంచెం, ఆపైన ఇంకొంచెం, ఇంతకు మించి ఎవడూ అడగడు అని రాసి, తాంబూలంతో పంపేవారు. నాకూ వేరే దారి లేదు. శుక్రవారం విందు సంగతి అడక్కండి, పెరుగన్నం ఒక్కటే పెట్టాను, పార అందుకున్నాను. శనివారం మనవాళ్ళ దుకాణాలుండే మిస్సిసాగా దాకా డ్రైవ్ చేసుకెళ్ళి కిళ్ళీలు కట్టించుకొచ్చాను. సోమవారం ఒక్కో కారు దగ్గరికీ వెళ్ళి, కిళ్ళీ చేతిలో పెట్టి, "ఈ వారం ఏమీ వద్దు. పై వారం ఒక్క చెంచా. మైక్రోవేవ్ సుంకం రద్దు" అని మాటిచ్చాను.

ఎవరూ నమ్మలేదు. రెండు రోజుల తరవాత ఆర్టిస్టు ఒక్కడూ తలుపు దగ్గర నిలబడి, నా చేతులు ఖాళీగా ఉన్నాయని చూసుకుని, లోపలికొచ్చి శాండ్‌విచ్ తిన్నాడు. తరవాత ఒక్కొక్కరే.

ఈలోగా ఆ అమ్మాయి ఆటలో గోడ తీసేసింది. సరిహద్దు అవతల పొగమంచు, దాని వెనక పక్క రాజ్యం పెట్టింది. రైతులకి నడిచిపోవడం నేర్పింది. కౌలు కూడా చేర్చింది. తీరా అప్పటికే సుల్తాన్ గారు కోడ్ ఫ్రీజ్ ప్రకటించేశారు. అంటే డెమో అయ్యేదాకా ఆటలో ఒక్క అక్షరం ఎవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది.

"చెప్పమంటరా అంకుల్ సుల్తాన్ గారికి?"

"చెప్తే తీసెయ్యమంటారమ్మా."

"చెప్పకుంటే నన్నే తీసేస్తరు."

స్క్రీన్ వైపు తిరిగింది. అందులో ఒక రైతు కుటుంబం బండి కట్టుకుంటోంది. "పాత గేమ్ ఆడితే ఆ మేడమ్ ఎట్లయినా వద్దంటది. ఎట్ల చూసినా నాది ఇంటికి పోయే టికెటే" అని, కొత్తదే డెమో కంప్యూటర్‌లోకి ఎక్కించింది.

మాంట్రియల్ మేడమ్ వచ్చింది. సన్నటి మనిషి. ఆమె చూపు పడితే కాఫీ చల్లారిపోయేది. కూచుంది, మౌస్ పట్టుకుంది, వేలం వేసింది, అందరికన్నా ఎక్కువ పాడినవాడికి ఇజారా ఇచ్చింది. ఖజానా నిండింది. రెండో ఏడు ఇంకా పెంచింది. నిండింది. సుల్తాన్ గారు తృప్తిగా తలాడించారు. మూడో ఏడు మొదలయింది. తెల్లవారింది. ఒక్క పొయ్యీ వెలగలేదు.

ఊరి తరవాత ఊరు ఖాళీ. స్క్రీన్ మీద కదిలేది ఒక్క కుక్క.

సుల్తాన్ గారి మొహం మా మంచు గుట్ట రంగుకి తిరిగింది. "బగ్గండీ, చిన్న బగ్గు. రీస్టార్ట్ చేస్తాం" అని చెయ్యి చాచారు. మీటింగుల్లో నోరు తెరవని ఆ పిల్ల లేచి, కీబోర్డు మీద అరచెయ్యి పెట్టేసింది.

"రీస్టార్ట్ వద్దు సార్. బగ్ కాదు. వాళ్ళు పోయిన్రు." తరవాత మేడమ్ వైపు తిరిగి ఇంగ్లీషులో అంది, "ఎక్కడికి పోయారో మీరే వెతకండి."

మేడమ్ మ్యాప్‌ని పక్కకి జరిపింది. ఇంకా జరిపింది. సరిహద్దు దాటింది. పొగమంచు వెనకాల, వరసగా, సన్నగా, తెల్లటి పొగలు లేస్తున్నాయి. పొయ్యిల పొగలు. నాకు మాత్రం అవి ఏ కార్ల వెనక నుంచి వచ్చాయో తెలుసు.

మేడమ్ మొదట సైన్యాన్ని పంపింది. పొగలు ఇంకా దూరం జరిగాయి. "మరి ఎలా రప్పించాలి?" అని అడిగింది. నా జీవితమంతా నేను ఎదురుచూసిన ప్రశ్న అది. గొంతు సవరించుకుని, "మేడమ్, ఆనాటి గోల్కొండలో..." అని ఎత్తుకున్నాను.

"అంకుల్, ఆమెనే ఆడనియ్యుండ్రి."

నోరు మూసుకున్నాను. మేడమ్ అటూ ఇటూ వెతికి, తమలపాకు బొమ్మ మీద నొక్కింది. పన్ను తగ్గించి మాట రాసింది. ఏమీ కాలేదు. ఎదురుచూసింది. మేమూ ఊపిరి బిగబట్టాం. నాలుగు శ్వాసల పాటు పీల్చకుండా ఉండడం ఆ వయసులో నాకు ఒలింపిక్స్ లెక్క. పొగమంచులోంచి ఒక బండి వచ్చింది. ఒకే ఒక్కటి. ముసలావిడ దిగింది. అటూ ఇటూ చూసింది. పొయ్యి వెలిగించింది.

మేడమ్ కోటు విప్పి కుర్చీకి తగిలించింది. సాయంత్రం ఆమెని మాంట్రియల్ విమానం ఎక్కించాల్సిన టాక్సీ బయట హారన్ కొట్టీ కొట్టీ వెళ్ళిపోయాక, తల ఎత్తి, "ఇంకో గంట ఆడుకోవచ్చా?" అంది.

పెట్టుబడి కాగితాల మీద సంతకాలు అయ్యాక సుల్తాన్ గారు మా ఇద్దర్నీ పిలిచారు. "ఫ్రీజ్‌లో కోడ్ ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే సార్" అంది ఆ పిల్ల.

ఆయన కిటికీలోంచి డాక్టరు గారి పార్కింగ్ చూశారు. "రేపటి నుంచి ఫ్రీజ్ ఎప్పుడో నువ్వే చెప్పు" అన్నారు.

వేసవిలో ఆమెకి పీఆర్ వచ్చింది. అందరం స్వీట్లు తిన్నాం, పన్ను లేకుండా. పై వారమే మిస్సిసాగాలో పెద్ద కంపెనీ పిలిచిందని చెప్పి రాజీనామా ఇచ్చింది. సుల్తాన్ గారు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

"ఇంత చేస్తే వెళ్ళిపోతుందా దివాన్ గారూ?"

"మీరేం చేశారు సార్? చేరినప్పటి జీతమే కదా ఇంకా."

ఆయన తల గోక్కున్నారు. "మరి?"

"కౌలు పంపండి."

పంపారు. జీతం, ఇంటి నుంచి పని, ఆట మీద పేరు, అన్నీ రాసి. తాంబూలం తీసుకెళ్ళింది నేనే. ఆ అమ్మాయి మొత్తం చదివి, కిళ్ళీ నోట్లో పెట్టుకుని, "అన్నీ మంచిగున్నయి. ఒక్కటి కలపాలె" అంది.

"ఏవిటమ్మా?"

"గరిటె నాకు అప్పజెప్పాలె."

ఇచ్చేశాను. తరవాత ఎప్పుడు వెళ్ళినా ఆమె కుర్చీ వెనక గోడకి వేలాడుతూ కనబడేది, యుద్ధంలో పట్టుకున్న కత్తిలా.

కిందటేడు నేను రిటైరయ్యాను. యాభైల్లోనే ఎందుకంటే, మంచు తీసీ తీసీ నడుం పోయింది. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి నా ముందు డబ్బా పెట్టి మూత తీసింది. నిండా సర్వపిండి. ఒక్క ముక్క కూడా తక్కువ లేదు.

"మొత్తం మీదే అంకుల్. ఇది శిస్తు కాదు."

కళ్ళు చెమర్చాయి. కారం వల్లనే. ఆ వాసన వంటగది దాటి లోపలికి పాకింది కాబోలు, తల ఎత్తి చూస్తే గుమ్మంలో సుల్తాన్ గారు నిలబడి ఉన్నారు. చేతిలో చెంచా.

నేను నెమ్మదిగా మూత పెట్టాను. కోటు వేసుకున్నాను, బూట్లు తొడుక్కున్నాను. డబ్బా చంకలో పెట్టుకుని, మంచు గుట్ట ఎక్కి, డాక్టరు గారి పార్కింగ్‌లోకి నడిచిపోయాను.